భర్త వీలునామాలో భార్యకు జీవితకాలపు హక్కే రాస్తే, ఆమె ఒక్కరి సంతకంతో ఇల్లు కొనొచ్చా?

కొనబోయేవాడు, గుంటూరు
బ్రాడీపేటలో ఇల్లు. భర్త స్వార్జితం. వీలునామాలో ఇలా ఉంది: "నా భార్య దాన విక్రయాది హక్కులు లేకుండా యావజ్జీవం అనుభవించి, తదనంతరం నా ఇద్దరు కుమారులు సర్వహక్కులతో అనుభవించవలెను." ఆయన పోయారు. ఇప్పుడు ఆవిడ ఒక్కరే అమ్ముతానంటున్నారు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తో పూర్తి హక్కు వచ్చేసిందని మధ్యవర్తి మాట. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధృవపత్రం) క్లియర్‌గానే ఉంది.

అరండల్‌పేట ప్లీడరు
మధ్యవర్తి మాటలో బలం ఉంది. భార్యకు పోషణ హక్కు వీలునామాతో పుట్టింది కాదు, అంతకు ముందే ఉంది. దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి 14(1) కింద సంపూర్ణ హక్కు అవుతుందని 1977లో తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది మన ఆంధ్ర కేసే. 2015లో జూపూడి పార్థసారథి కేసులో భర్త వీలునామాకూ ఇదే వర్తింపజేశారు. తిండికీ మందులకీ అని ఇచ్చిన ఇంటిని ఆవిడ అవసరానికి అమ్ముకోకూడదంటే ఆ పోషణకు అర్థమేముంది?

కృష్ణలంక
ప్లీడరు గారూ, సగమే చెప్పారు. స్వార్జితాన్ని ఎవరికి ఎంతవరకు రాయాలో భర్త ఇష్టం, 30వ సెక్షన్ ఆ స్వేచ్ఛ ఇచ్చింది. పరిమిత హక్కే రాస్తే అది పరిమితంగానే ఉంటుందనే 14(2) వర్తిస్తుందని 2006లో సాధు సింగ్ కేసులో, మళ్లీ 2022లో జోగీరామ్ కేసులో అన్నారు. ఈ రెండు దారులూ కలవడం లేదనే 2024 డిసెంబరులో తేజ్ భాన్ కేసులో విషయాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించారు. వీలునామాలో పోషణ మాటే లేనప్పుడు కొనేవాడి డబ్బు ఈ వివాదం మీద పెట్టించడం న్యాయం కాదు.

ఈసీని నమ్ముకోకండి. వీలునామా రిజిస్టరైనా రిజిస్ట్రారు ఆఫీసులో వీలునామాలకుండే మూడో పుస్తకంలోకి వెళ్తుంది, ఈసీలో కనపడదు.

అరండల్‌పేట ప్లీడరు
ఆ నివేదన సంగతి ఒప్పుకుంటాను. కానీ తులశమ్మ తీర్పు ఈనాటికీ నిలిచే ఉంది. కొడుకులు దావా వేస్తే ఆవిడ పక్షాన వాదించడానికి చాలినంత ఉంది.

కృష్ణలంక
వాదన ఉండటం వేరు, టైటిల్ ఉండటం వేరు. పైగా ఆ దావా ఎప్పుడొస్తుందో చూడండి. లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం శేషహక్కుదారులకు, అంటే తల్లి తర్వాత ఆస్తి దక్కే ఈ కొడుకులకు, 12 ఏళ్ల గడువు మొదలయ్యేది తల్లి పోయాకే. మీరు 25 ఏళ్లు ఇంట్లో ఉండి, పన్ను కట్టి, పైన ఇంకో అంతస్తు వేసినా అది వారిమీద పనికిరాదు.

పటమట
ఇద్దరూ వదిలేసిన దారి ఒకటుంది: కొడుకులిద్దరినీ అమ్మకందార్లుగా కలిపి సంతకాలు తీసుకోవడం. సాక్షి సంతకం చాలదు. ఈ వీలునామాలో కొడుకుల హక్కు తండ్రి పోయిన రోజే ఖాయమైంది, వాయిదా పడింది అనుభవం మాత్రమే. అందుకే ఇప్పుడే అమ్మగలరు. ఒక కొడుకు తల్లికన్నా ముందు పోయి ఉంటే అతని వాటా అన్నకో తమ్ముడికో పోదు. వీలునామా రాయకుండా పోతే భార్య, పిల్లలు, తల్లి సమానంగా తీసుకుంటారు. అలా వచ్చిన భాగం మాత్రం తల్లికి పూర్తి హక్కు. వారిలో మైనర్లుంటే ముందుగా కోర్టు అనుమతి కావాలి, లేకపోతే మేజరయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయించగలరు.

"తదనంతరం అప్పటికి జీవించి ఉన్న నా సంతతి" అని రాసి ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. అప్పటికి ఎవరుంటారో తెలియదు కనుక ఇవాళ ఎందరు సంతకాలు చేసినా కొరత మిగులుతుంది. అందుకని అడ్వాన్స్ ఇచ్చేముందే వీలునామా సర్టిఫైడ్ కాపీ తెప్పించుకుని "తదనంతరం" తర్వాత ఏముందో ప్రతి మాటా చదివించుకోండి.