పత్రికల్లో రోజూ వచ్చే 'కాల్విన్, హాబ్స్' బొమ్మకథ ఆగిపోయాక ఆ లోటు మీకు ఎలా తీరింది?

కొలంబస్ పాఠకుడు:
1995లో నేను ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో చదువుకునేవాడిని. ఏడాది చివరితో ఆపేస్తున్నానని దాన్ని గీసే బిల్ వాటర్సన్ నవంబరులోనే సంపాదకులకు లేఖ రాసినా, డిసెంబరు 31 ఆదివారం నాటి పత్రిక తెరిచేదాకా నా మనసు ఒప్పుకోలేదు. అప్పుడే కురిసిన మంచు, దాదాపు ఖాళీగా వదిలేసిన తెల్లని గడులు, చెక్కబండి మీద జారిపోతున్న పిల్లవాడు కాల్విన్, అతని పులి హాబ్స్. మరునాడు అలవాటుకొద్దీ అదే పేజీ తిప్పితే అక్కడ ఇంకెవరిదో బొమ్మ ఉంది. మీ అనుభవాలు కూడా రాయగలరు.

ఆబిడ్స్ ఆదివారం:
నాకు ఆ బాధ ఆలస్యంగా మొదలైంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సంకలనాలు ఒక్కొక్కటిగా కొని, నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. ఇక తరువాతి పుస్తకం లేదని దుకాణదారు చెప్పినా, మూడు వారాలు మళ్లీ మళ్లీ వెళ్లి అడిగాను. ఉన్నవి మొత్తం 3,160 బొమ్మకథలే. ఇప్పుడు రోజుకు ఒకటి చొప్పున, అంతకు మించకుండా చదువుతున్నాను. అలా చదివితే ఎనిమిదిన్నరేళ్లకు పైగా వస్తాయి.

రాజమండ్రి అమ్మ:
మా అమ్మాయి హాబ్స్ బొమ్మ కావాలని పట్టుబట్టింది. తన పాత్రలను బొమ్మలుగా, చొక్కాలుగా అమ్మడానికి వాటర్సన్ ఒప్పుకోలేదని అప్పుడే తెలిసింది. చివరికి నారింజరంగు పాత లంగా కత్తిరించి, దూది కూరి, నల్లదారంతో చారలు కుట్టి ఇచ్చాను. ఆయన పట్టుదల మీద నాకు గౌరవమే కలిగింది, ఎందుకంటే హాబ్స్ ఇతరులకు గుడ్డబొమ్మగానూ కాల్విన్‌కు ప్రాణమున్న పులిగానూ కనిపించడంలోనే ఆ కథ అందమంతా ఉంది.

కొలంబస్ పాఠకుడు:
అమ్మగారి మాటే నాదీ. రోజువారీ గడువుల మధ్య, చిన్న గడులలో తాను చేయగలిగినంతా చేశానని ఆ లేఖలో ఆయనే రాశారు. 2014లో ఇక్కడి విశ్వవిద్యాలయపు కార్టూన్ మ్యూజియంలో ఆయన మూలచిత్రాలు ప్రదర్శించినప్పుడు రెండుసార్లు వెళ్లాను. ఆ కుంచెగీతల ఎదుట నిలబడితే పత్రిక కాగితం మీద మనకు అందకుండా పోయింది ఎంతో అర్థమైంది. అదే ఏడాది జూన్‌లో స్టీఫన్ పాస్టిస్ గీసే 'పెర్ల్స్ బిఫోర్ స్వైన్' అనే పత్రికా బొమ్మకథలో మూడు రోజులపాటు వాటర్సన్ పాఠకులకు చెప్పకుండా కొన్ని గడులు గీశారు. నేను అప్పటికే పత్రిక తెప్పించుకోవడం మానేశాను.