మునిమనవలు, ఇనిమనవలు: నాయనమ్మ సంచికలో ఎవరిని ఏమనాలి?

అరసున్న:
నాయనమ్మ శతజయంతి సంచిక వేస్తున్నాం. వంశవృక్షం పేజీ దగ్గర బండి ఆగింది. మనవడి కొడుకు మునిమనవడు, సరే. ఆ తర్వాతి తరాన్ని ఏమనాలి? పైగా ఆవిడ కొందరికి నాయనమ్మ, కొందరికి అమ్మమ్మ. పుస్తకమంతా ఏ మాట వాడాలి?

తలకట్టు:
మనవడు, మునిమనవడు, ఇనిమనవడు. ఇదీ వరస. ఈ 'ముని'కీ ఋషులకీ సంబంధం లేదు, ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెబుతున్నా.

సంస్కృత పదాలు వాడాలనుకుంటే మాత్రం జాగ్రత్త. పౌత్రుడు అంటే కొడుకు కొడుకే. కూతురి కొడుకు దౌహిత్రుడు, కూతురి కూతురు దౌహిత్రి. తెలుగులో మనవడు అన్న మాటకి ఆ తేడా లేదు, ఇద్దరూ మనవలే. గంభీరంగా ఉంటుందని "పౌత్ర ప్రపౌత్రులు" అని అచ్చేస్తే కూతుళ్ళ సంతానమంతా బయటే ఉండిపోతుంది. అచ్చయ్యాక ఫోన్లు వచ్చేది ఇలాంటి వాటికే. "మనవలు, మునిమనవలు" అంటే ఏ గొడవా లేదు.

వట్రసుడి:
రెండో ప్రశ్నకి. అమ్మమ్మ, నాయనమ్మ అనేవి మాట్లాడే మనిషిని బట్టి మారే మాటలు. అందుకని వంశవృక్షంలో, ఫొటోల కింద వాటిని వాడకండి. అక్కడ ఆవిడ పేరు, పక్కన పుట్టింటి పేరు. ఎవరి వ్యాసంలో వాళ్ళు పిలిచే పిలుపు ఉంచండి. "నాయనమ్మతో 1968లో" అని ఫొటో కింద రాస్తే, పక్కనున్న పిల్ల కూతురి కూతురైతే ఆ నాయనమ్మ ఎవరో రాబోయే తరానికి అర్థం కాదు.

పిలుపుల్ని ఒకే మూసలో పోయకండి కూడా. తెలంగాణలో బాపమ్మ అంటే తండ్రి తల్లి. రాయలసీమలో జేజి అన్నా తండ్రి తల్లే. కోస్తాలో మామ్మ, బామ్మ. అవ్వ దగ్గరే చిక్కు: సీమలో అవ్వ అంటే తాత భార్య, తెలంగాణలో చాలాచోట్ల కన్నతల్లి. వేరే ప్రాంతపు కోడలో అల్లుడో రాసిన వ్యాసంలో 'అవ్వ' కనిపిస్తే, ఎవర్ని అంటున్నారో అడిగి తెలుసుకున్నాకే ప్రెస్సుకి పంపండి.

గుడిదీర్ఘం:
లెక్క సంగతి ఎవరూ ఎత్తలేదు. మేనరికాలున్న కుటుంబమైతే మునిమనవల సంఖ్య తప్పకుండా తప్పుతుంది.

ఆవిడ కొడుకు బిడ్డా, కూతురి బిడ్డా పెళ్ళి చేసుకున్నారనుకోండి. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. కొడుకు శాఖ కింద ఆ ఇద్దరూ ఉంటారు, కూతురి శాఖ కిందా ఉంటారు. శాఖల వారీగా కూడితే 20 వచ్చిందనుకోండి, అసలు మనుషులు 18 మందే.

మేనమామ పెళ్ళయితే ఇంకా తమాషా. ఆవిడ కొడుకు తన అక్క కూతుర్నే చేసుకుంటే, పుట్టిన బిడ్డకి తండ్రి వైపు నుంచి ఆవిడ నాయనమ్మ, తల్లి వైపు నుంచి అమ్మకి అమ్మమ్మ. అంటే ఆ బిడ్డ మనవడూ, మునిమనవడూ కూడా. దగ్గరి వరసే పట్టుకోవాలి: మనవడిగా ఒక్కసారి లెక్కపెట్టి, రెండోచోట "ఫలానా శాఖలో చూడండి" అని ఒక గీత గీస్తే సరిపోతుంది.

తలకట్టు:
బాగా చెప్పారు. శాఖల లెక్క కాకుండా పేర్ల జాబితా అకారాదిగా రాసి దాన్నే లెక్కపెడితే ఈ తప్పు ముందే పట్టుబడుతుంది.

వట్రసుడి:
ఇలాంటి సంచికల్లో నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా కనిపించేది క్రియాపదం. "కీ.శే. ఫలానా గారు పద్యాలు కంఠతా చెప్పేవారు. కోపం వస్తే ఎవరితోనూ మాట్లాడేది కాదు." రెండు వాక్యాల మధ్య మర్యాద ఎటు పోయింది? సంపాదకులు రాసే జీవిత విశేషాలు మొదటి నుంచి చివరిదాకా 'వారు'తోనే నడవాలి. మనవరాలు సంతకం పెట్టి రాసిన జ్ఞాపకంలో "నాయనమ్మ చెప్పేది, తిట్టేది" అనే ఉండాలి, అక్కడ 'చెప్పేవారు' అని దిద్దితే చనువు చచ్చిపోతుంది. కీ.శే. పెట్టాక మళ్ళీ 'లేటు' ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

గుడిదీర్ఘం:
ఆవిడ గొంతు రికార్డింగులు ఉంటే అందులోని మాటల్ని పుస్తకభాషలోకి మార్చకండి. 'వస్తన్నా' అంటే 'వస్తన్నా' అనే రాయాలి. రాసేవాళ్ళ చెయ్యి అలవాటుగా 'వస్తున్నాను' అని రాసేస్తుంది, వాళ్ళకి తెలియదు కూడా. ఒకరు రాశాక, రెండోవాళ్ళు రికార్డింగు వింటూ ఆ రాతమీద వేలు పెట్టి చదవాలి. అర్థంకాని మాటకి పేజీ అడుగున ఒక్క ముక్క వివరణ చాలు. సామెత అయితే ఏ సందర్భంలో వాడేవారో కూడా రాయండి, లేకపోతే అది ఏ సామెతల సంకలనంలోనైనా దొరికేదే అవుతుంది.

తలకట్టు:
మనవడా, మనుమడా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. రెండూ ఒప్పే. పాత రూపం మనుమఁడు, అరసున్నతో (మీ పేరే!). మనుమడు అంటే మనుమరాలు, మనుమలు. మనవడు అంటే మనవరాలు, మనవలు. కలిపి వాడితే పదసూచికలో ఒకే మనిషి రెండుచోట్ల తేలతాడు.

అరసున్న:
మనవడు ఖాయం. వంశవృక్షంలో పేర్లు, వ్యాసాల్లో ఎవరి పిలుపు వాళ్ళది. మేనరికాలు మూడున్నాయి, జాబితా మళ్ళీ రాయాలి. ఇనిమనవలు మాత్రం ఇద్దరే, ఇద్దరూ ఆడపిల్లలే.

తలకట్టు:
అయితే ఇనిమనవరాళ్ళు.