మాయాబజార్‌లోని మాయ వేదాంతులు చెప్పే మాయేనా?

పెన్న ఒడ్డు (తాడిపత్రి):

పెద్దలకు నమస్కారం. 1957 నాటి మాయాబజార్ గురించి ఒక సందేహం అడుగుతున్నాను. ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ చూసే సినిమాకు వేదాంతం అంటగడుతున్నానని విసుక్కోకండి. ఘటోత్కచుడు ద్వారకకు వచ్చినప్పుడు, ముసలివాని రూపంలో కూర్చున్న కృష్ణుడు చిన్న చేపను పెద్ద చేప మింగినట్టు చిన్న మాయను పెను మాయ మింగుతుందని పాడుతూ అతణ్ణి ఆటపట్టిస్తాడు. అంటే ఘటోత్కచుని మాయ ఎంత గొప్పదైనా అది కృష్ణుని మాయలో అణిగి ఉన్నదే. ఇంతవరకు చిక్కు లేదు.

అయితే బ్రహ్మం ఒక్కటే సత్యమనే శంకరుల అద్వైతంలో మాయ జ్ఞానం కలగగానే తొలగిపోవలసినది. తాడు తాడుగా కనబడ్డాక పాముకు చోటు ఉండదు. ఈ సినిమాలో మాయను దాటాలని కోరుకునేవారు ఒక్కరూ లేకపోగా, ఆ మాయ వల్లనే శశిరేఖాభిమన్యుల పెళ్లి జరుగుతుంది, కౌరవుల కపటం నలుగురిలో బయటపడుతుంది. మరి ఇది ఏ దర్శనం వారి మాయ? లేక ఉత్త ఇంద్రజాలమేనా? ఈ సినిమా దర్శకులు, మా ఊళ్లో పుట్టిన కె.వి. రెడ్డి గారు అప్పటికి పదేళ్ల ముందే, 1947లో, యోగి వేమన తీసి ఉన్నారు కనుక, ఇదంతా ఆలోచన లేకుండా జరిగిందని అనుకోలేకపోతున్నాను.

దేవుని కడప:

మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చే మాట రామానుజుల గీతాభాష్యంలో ఉంది, అదీ మీ ఘటోత్కచుని జాతివారి ప్రస్తావనతోనే ఉంది. ఏడవ అధ్యాయం పద్నాలుగవ శ్లోకంలో భగవంతుడు తన మాయ దాటరానిదని చెబుతాడు. అసురుల, రాక్షసుల అస్త్రాలు వింత వింత పనులు చేసి చూపినట్టే ఇదీ విచిత్రమైన కార్యాలు చేస్తుంది గనుక దీనికి ఆ పేరు వచ్చిందే తప్ప, అది అబద్ధమైనందువల్ల కాదని రామానుజులు అక్కడ రాశారు. ఇంద్రజాలికుడు కూడా మంత్రంతోనో మందుతోనో చూసేవారి బుద్ధిలో నిజంగానే ఒక జ్ఞానాన్ని పుట్టిస్తాడు కాబట్టే మాయావి అనిపించుకుంటాడని ఆయన వాదం. ఈ దృష్టితో చూస్తే శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడు భ్రాంతి కాదు, తలపెట్టిన పనిని చేసి చూపించే శక్తి. అది ఎవరి అధీనంలో ఉందో, ఎవరి కార్యం నెరవేరుస్తుందో అన్నదే అక్కడ ముఖ్యం.

ప్రియదర్శిని పెట్టెను కూడా ఇక్కడే ఆలోచించాలి. అద్వైతులు మాయకు రెండు శక్తులు చెబుతారు. ఒకటి ఉన్నదాన్ని కప్పేది, రెండవది లేనిదాన్ని కల్పించేది. పెట్టె తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, రేవతికి నగలు కనిపిస్తాయి. ఇందులో కప్పడమూ లేదు, కల్పించడమూ లేదు. మనసులో ఉన్నదే బయటికి వచ్చింది. చివర, ఎక్కినవారి చేత నిజం పలికించే సత్యపీఠం ఎక్కిన శకుని కౌరవుల పన్నాగాన్ని తన నోటితోనే చెప్పుకోవడమూ అటువంటిదే. మాయ పేరుతో వచ్చిన ఈ సినిమాలో మాయావస్తువులు దాచేది తక్కువ, బయటపెట్టేది ఎక్కువ. అందుచేత నా ఓటు, మాయను అబద్ధంగా కాక భగవంతుని నిజమైన శక్తిగా చూసే రామానుజుల విశిష్టాద్వైతానికే.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

ఇద్దరూ నాటకాన్ని మరిచిపోయి భాష్యాల్లోకి వెళ్లిపోయారని మనవి చేస్తున్నాను. శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు. అది జనం నోళ్లలోనూ రంగస్థలం మీదా పెరిగిన కథ. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం వారికి మాయాబజార్ పెట్టింది పేరు. చిన్నప్పుడు ఆ నాటకాన్ని ముందు వరుసలో కూర్చుని చూశాను. లడ్డూ గాలిలో తేలుతూ ఘటోత్కచుని నోటి దాకా వెళుతుంటే దానికి కట్టిన సన్నటి తీగ దీపాల వెలుతురులో మెరిసేది. తీగ కనిపించిందని ఎవరూ లేచి వెళ్లిపోలేదు సరికదా, మరింత గట్టిగా చప్పట్లు కొట్టాము. ఆ చప్పట్ల కోసం పుట్టిన మాయను శంకరులకో రామానుజులకో ఇచ్చేయడం నాకు సమ్మతం కాదు.

గండికోట:

కర్నూలు వారు తమ వాదానికే ఎదురు సాక్ష్యం చెప్పారు. తీగను చూస్తూనే లడ్డూను ఆస్వాదించే ప్రేక్షకుడిని అద్వైతులు ఎంతో ఇష్టంగా అక్కున చేర్చుకుంటారు. జరిగేదంతా చూస్తూ, దేనికీ అంటకుండా ఉండే సాక్షి స్థానం అతనిదే. ‘అహ నా పెళ్లంట’ పాట చూడండి. సుశీల గారి గొంతుతో హొయలుగా సాగుతున్న పాట మధ్యలో ఘంటసాల గారి గొంతు దూసుకొస్తుంది. సావిత్రి గారి నడకలో, చూపులో క్షణంపాటు రాక్షసుడు తొంగిచూస్తాడు, వెంటనే పెళ్లికూతురు తిరిగి వస్తుంది. కౌరవుల బంధువర్గానికి అది శశిరేఖే. మనకు మాత్రం మొదటినుంచీ ఇద్దరూ తెలుసు, అయినా ఆట ఆగదు. కనుక ‘దేవుని కడప’ గారు కథలోని పాత్రల దృష్టితో విశిష్టాద్వైతం అన్నది ఒప్పుకుంటాను గానీ, కుర్చీలో కూర్చున్నవారి దృష్టితో చూస్తే అది అద్వైతానికి బాగా దగ్గరగా వస్తుంది.

పెన్న ఒడ్డు (తాడిపత్రి):

అందరికీ కృతజ్ఞతలు. ‘దేవుని కడప’ గారు ప్రియదర్శినిలో ముగ్గురికి కనిపించినవి చెప్పి నాలుగవదాన్ని వదిలేశారు. కృష్ణుడు పెట్టె తెరిస్తే శకుని కనిపిస్తాడు కదా. మీ సూత్రం ప్రకారం కృష్ణునికి అత్యంత ప్రియమైనవాడు శకుని కావాలి. పాండవులను జూదంలోకి దించినవాణ్ణి భగవంతుడు ప్రేమించడం ఏ సిద్ధాంతానికి సరిపోతుంది?

దేవుని కడప:

వదిలేసినది కావాలనే వదిలేశాను, ఎందుకంటే అక్కడ నా విశిష్టాద్వైతానికి కొంత ఇబ్బంది ఉంది. కురుక్షేత్రం జరగాలంటే జూదం జరగాలి, జూదం జరగాలంటే శకుని కావాలి, కాబట్టి భూభారం దించదలచినవానికి అతడు అవసరమైన మనిషి అని మామూలుగా సమాధానం చెబుతారు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో రెండవ అధ్యాయం మొదటి పాదంలో సృష్టి భగవంతునికి కేవలం లీల అన్న సూత్రం ఉంది. ఆ వెంటనే వచ్చే సూత్రం, అలాగైతే ఆయన పక్షపాతి, దయలేనివాడు కాడా అన్న ఆక్షేపణను ఎత్తుకుని, జీవుల కర్మను అనుసరించే ఇస్తాడు కనుక కాడని చెబుతుంది. కౌరవులకు ఆ సమాధానం చాలు. అడవులు పట్టిన పాండవుల విషయంలో మాత్రం వినడానికి అంత తేలిక కాదు.

గండికోట:

దానికి సినిమా ఒక ఉపాయం చేసింది. మాయాబజార్‌లో పాండవులు అయిదుగురూ ఒక్కసారి కూడా తెరమీదికి రారు. వారి కష్టాల గురించి వింటాము తప్ప వారి ముఖాలు చూడము. ఆ అయిదుగురినీ అడవిలో కూర్చోబెట్టి ఒక్క దృశ్యం చూపించి ఉంటే, ప్రియదర్శినిలో శకునిని చూసి చిరునవ్వు నవ్వే కృష్ణుణ్ణి మనం ఇంత హాయిగా చూడగలిగేవారమా? లీల అన్న మాటను ప్రేక్షకుడు ఒప్పుకోవాలంటే, దాని ఖరీదు చెల్లించినవారు కనిపించకూడదని ఈ సినిమా రచయిత పింగళి నాగేంద్రరావు గారికీ కె.వి. రెడ్డి గారికీ తెలిసే ఉంటుందని నా అనుమానం.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను. ఈ లెక్కన లక్ష్మణకుమారుని సంగతి కూడా ఎవరైనా ఆలోచించండి. అతడు శకునిలా పన్నాగాలు పన్నినవాడు కాడు. పెళ్లి చేసుకుందామని ఉత్సాహంగా వచ్చినవాడు, అంతే. రేలంగి గారి హాస్యంలో పడి, అతనికి జరిగిన అవమానం ఏ కర్మకు ఫలమో ఎవరూ అడగరు.