కొరాపుట్‌లో హోలీహాక్ గింజలు ఎప్పుడు విత్తాలి?

ప్రశ్న (కొరాపుట్):
మా ప్రహరీ వెంట మనిషెత్తు పెరిగి పూసే హోలీహాక్, డెల్ఫీనియం మొక్కలను గింజల నుండే పెంచాలని ఉంది. వానల్లోనే విత్తవచ్చునా, దసరా వరకు ఆగాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (పర్లాకిమిడి):
ఆగండి. జడివానలో లేత నారు మొదలు కుళ్లి ఒరిగిపోతుంది. సెప్టెంబరు చివరి నుండి అక్టోబరులోపు, గింజలను ఒక రాత్రి నానబెట్టి అర అంగుళం లోతున వేస్తే సుమారు 10 నుండి 14 రోజుల్లో మొలకెత్తుతాయి. హోలీహాక్‌కు తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక, నారు పీకి నాటడం కన్నా ఉండవలసిన చోటనే 45 సెంటీమీటర్ల ఎడంతో విత్తడం మేలు. ఇక్కడి ఎండలకు అది వేసవి దాటదు. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న మీకు మరుసటి ఏటికి నిలిచే అవకాశం ఎక్కువ.

జవాబు (రాయగడ):
పై సలహా సరైనదే, అయితే తుప్పు తెగులును మరువకండి. ఆకు అడుగున నారింజ రంగు పొక్కులు కనబడగానే ఆ ఆకులను తుంచి తగులబెట్టి, నీటిని మొక్క మొదలు దగ్గరే పోయండి. డెల్ఫీనియం గింజలకు చల్లదనం, చీకటి రెండూ కావాలి. తడి ఇసుకలో కలిపి రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, విత్తాక పలుచగా మట్టి కప్పండి. ఆ మొక్క పశువులకు విషం, కాబట్టి ఆవులు మేకలు మెడ చాచే వైపు వేయకండి.