మిల్లులో టీక్యూఎం పెట్టాలా, వద్దా?

మిర్యాలగూడ సూపర్‌వైజర్: మాది ఉప్పుడు బియ్యం మిల్లు. ఓనర్ గారు టోటల్ క్వాలిటీ మేనేజ్‌మెంట్ (టీక్యూఎం), అంటే ప్రతి దశలో అందరూ నాణ్యత చూసుకునే పద్ధతి, పెడదామంటున్నారు. హమాలీల నుంచి సార్టెక్స్ (రంగు మారిన గింజల్ని ఏరే మిషన్) ఆపరేటర్ దాకా అందరికీ శిక్షణ ఉంటుందట. మనలాంటి మిల్లుకు ఇది పనికొస్తుందా?

జడ్చర్ల క్యూఏ: తప్పకుండా పెట్టండి. మందుల కంపెనీ క్వాలిటీ అస్యూరెన్స్ (క్యూఏ) విభాగంలో పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. సార్టెక్స్ నల్ల గింజను ఏరేస్తుంది, అంతే. తడి వడ్లు ఎన్ని రోజులు కుప్పగా ఉన్నాయి, నానబెట్టిన నీళ్లు ఎప్పుడు మార్చారు అని అడిగితేనే నల్ల గింజ తగ్గుతుంది. 1950లో అమెరికా నాణ్యత నిపుణుడు డెమింగ్ జపాన్ వెళ్లి చెప్పిందీ ఇదే: చివర్లో ఏరడం కాదు, పని జరిగే చోటే సరిచేయాలి.

నకిరేకల్: మా మిల్లుకు మేం ఐఎస్ఓ 9001 అనే నాణ్యత సర్టిఫికెట్ తీసుకున్నాం. ఆడిట్‌కు ముందు రెండు రాత్రులు కూర్చుని రిజిస్టర్లు నింపుతాం. సరుకు మాత్రం ఎప్పటిలాగే ఉంది. డబ్బు దండగ.

జడ్చర్ల క్యూఏ: ఐఎస్ఓ వేరు, టీక్యూఎం వేరు.

నకిరేకల్: మాకు రెండూ ఒకే కన్సల్టెంట్ అమ్మాడు సార్!

దామరచర్ల: ఫాలో అవుతున్నా.

హాలియా రైతు: ఐదు రోజులు ఆరబోసి, తేమ 17 శాతం లోపు వచ్చాకే వడ్ల కొనుగోలు కేంద్రంలో తూకం వేయించాను. మిల్లుకు పోయాక బస్తాకు రెండు కిలోలు తరుగు తీశారు. మీ క్వాలిటీ అంటే నా బస్తా తగ్గడమేనా?

మిర్యాలగూడ సూపర్‌వైజర్: తాలు, మట్టి వస్తే మేమేం చేయాలి పెద్దాయనా? సర్కారు ఇచ్చిన క్వింటాల్ వడ్లకు 68 కిలోల బియ్యం తిరిగి సర్కారుకే ఇవ్వాలి. నూక 16 శాతం దాటితే లాట్ తిప్పి పంపుతారు.

హాలియా రైతు: తాలు ఉంటే అక్కడే తూర్పార పట్టి చూపించండి. చూపించకుండా కోస్తే ఎట్లా?

జడ్చర్ల క్యూఏ: దేశంలో మొదటి క్వాలిటీ సర్కిల్ 1980లో మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే మొదలైంది. కార్మికులే కూర్చుని తమ సమస్యలు విప్పుకున్నారు. మీ దగ్గర ఎందుకు కుదరదు?

డ్రయర్ మీద పనిచేసేవాడు: ఎందుకు కుదరదో నేను చెప్తాను. వేడి ఎక్కువ పెట్టి తొందరగా ఆరబెడితే గింజ పగిలి నూకవుతుంది. వేడి తగ్గిద్దామని ఇదివరకు పనిచేసిన మిల్లులో చెప్పాను. లోడు లేటవుతుందని తిట్టారు. నూక పెరిగాక నా జీతంలోనే కోశారు. ఆ రోజు నుంచి నేను నోరు విప్పను.

నకిరేకల్: కోత లేకపోతే ఎవరు భయపడి పని చేస్తారు?

జడ్చర్ల క్యూఏ: భయమే అసలు జబ్బు అన్నా! డెమింగ్ 14 సూత్రాల్లో ఎనిమిదోది భయాన్ని తరిమేయమనే. భయపడేవాడు తప్పు దాస్తాడు, దాచిన తప్పు బియ్యంలో తేలుతుంది. ఇంత కోపంగా రాస్తున్నందుకు క్షమించండి. మా దగ్గరా ఒక కుర్రాడు తప్పు ఒప్పుకున్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

మిర్యాలగూడ సూపర్‌వైజర్: మొదట్లో ఒక మాట రాయలేదు. ఎవరి షిఫ్టులో నూక పెరిగితే వాళ్ల జీతంలో కోత అని ఓనర్ గారి ప్లాన్‌లో ఉంది.

జడ్చర్ల క్యూఏ: అయితే దానికి టీక్యూఎం అని పేరు పెట్టకండి.

నకిరేకల్: జీతాలు ఇచ్చేది మీరు కాదు కదా సార్.

మిర్యాలగూడ సూపర్‌వైజర్: రేపు ఆయనతో కూర్చుంటున్నాను. కోత తీసేస్తేనే శిక్షణ అని చెప్తాను.

హాలియా రైతు: నా తరుగు సంగతి కూడా అడుగు తమ్ముడూ.