ట్రైనర్‌ను పెట్టుకోవాలంటే బాడీ చూడాల్నా, పని చూడాల్నా?

లతీఫ్‌సాబ్ గుట్ట:

నల్గొండల పర్సనల్ ట్రైనర్‌ను పెట్టుకుందామని చూస్తున్నం. నాకు 28 ఏండ్లు, అమ్మకు 53. అమ్మకు బీపీ గోలి, షుగర్ గోలి రెండూ నడుస్తున్నయి, మోకాళ్ల నొప్పులు గూడ ఉన్నయి. ఇద్దరికీ జిమ్ము కొత్తనే. ఇద్దరు ట్రైనర్లను అనుకున్నం. ఒకాయనది పోటీలకు పోయే బాడీ. రెండో ఆయన మామూలుగ ఉంటడు, కొంచెం పొట్ట గూడ ఉంది, కానీ ఓపికగ చెప్తడు. ఇంట్ల అందరిదీ ఒకటే మాట: సొంత ఒళ్లే సక్కగ పెట్టుకోనోడు మనకేం నేర్పుతడు అని. ఇది నిజమేనా? పైసలు కట్టక ముందు ఏమేం చూడాలె?

పిల్లలమర్రి:

ఒళ్లు చూస్తే తెలిసేది ఒక్కటే, ఆయన తన ఒంటి మీద ఏండ్లకేండ్లు కష్టపడ్డడని. మీ అమ్మ మోకాలుతోటి ఎట్ల పని చేయించాల్నో తెలుసా లేదా అన్నది అండ్ల కనపడదు. 20 ఏండ్ల పిలగాడు, పుట్టుకతోటే మంచి కట్టు ఉన్నోడు, తప్పు ఫామ్‌తోటి చేసినా కండ వస్తది. అదే పద్ధతి 53 ఏండ్ల ఆమెకు చెప్తే మోకాలు వాస్తది.

కట్టక ముందు ఒక రోజు ట్రయల్ అడుగుండ్రి. బరువు ముట్టుకోక ముందు ఆయన ఏం అడుగుతడో చూడుండ్రి. ఛాతీల నొప్పి వస్తదా, లేస్తుంటే కండ్లు తిరుగుతయా, ఏం మందులు వాడుతున్నరు, ఆపరేషన్లు ఏమన్న అయినయా, ఏ కీలుకు ఎప్పుడు దెబ్బ తాకింది, రోజంతా కూసొని చేసే పనా నిలబడి చేసే పనా, నిద్ర ఎన్ని గంటలు. ఇవన్నీ అడిగి రాసుకుంటే పని తెలిసినోడు. పేరడిగి సక్కగ ట్రెడ్‌మిల్ ఎక్కించి, పది నిమిషాలకు బెంచ్ మీద పండవెట్టిండంటే అందరికీ ఒకటే చార్టు ఇచ్చేటోడు. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు అనే చార్టు పోటీలకు తయారయ్యేటోళ్లది. కొత్తోళ్లకు వారానికి మూడు రోజులు, రోజు ఇడిసి రోజు, ఒళ్లంతటికీ ఐదారు కసరత్తులు చాలు.

స్క్వాట్, అంటే బస్కీ నేర్పమనుండ్రి. ట్రైనర్ పనితనం అక్కడ బయటపడ్డంత ఇంకెక్కడ పడదు. తెలిసినోడు మొదలు బార్, అంటే బరువులెక్కించే ఇనుప కడ్డీ ఇయ్యడు. మోకాలు ఎత్తు స్టూలు ఏసి, కూసొని లెవ్వమంటడు. ఒకసారి ముందట నిలబడి మోకాళ్లు లోపలికి ముడుచుకుంటున్నయా చూస్తడు, ఇంకోసారి పక్కకు పోయి నడుము వంగుతుందా, మడిమెలు లేస్తున్నయా చూస్తడు. మడిమె లేస్తే చీలమండ బిగుసుకుందని అర్థం, కొన్ని దినాలు మడిమె కింద 2.5 కిలోల ప్లేటు పెడ్తడు. మోకాళ్లు లోపలికి పోతే కాలివేళ్లు కొంచెం బయటికి తిప్పి, వేళ్లు చూసే దిక్కే మోకాళ్లు పోవాలె అని చెప్తడు. కింది నడుము గుండ్రంగ వంగేకాడ ఆపుతడు, అంతకంటే దిగమనడు. ఇవన్నీ కుదిరినంకనే 4, 5 కిలోల డంబెల్ ఛాతీకి ఆనించి పట్టుకొమ్మంటడు. బార్ ఆఖరుకు. "కిందికి, ఇంకా కిందికి" అని ఒర్రుడు తప్ప ఇంకేం చెప్పకపోతే అక్కడ్నే లెక్క తేలిపాయె.

మొదటి రెండు వారాలు ఒక్కో కసరత్తు రెండు సెట్లు, సెట్టుకు 10 నుంచి 12. సెట్టు అయినంక ఇంకో మూడు నాలుగు చేయగలుగుతనన్నట్టు ఉండాలె. వరుసగ రెండు రోజులు 12 సులువుగ అయితేనే పెంచుడు. పెద్ద బార్‌కు 2.5 కిలోలు, చేతి డంబెల్‌కు 1 కిలో. మొదటి రోజే వంద బస్కీలు తీయించి, "రేపు మెట్లు దిగలేవు చూడు" అని గర్వంగ చెప్పేటోళ్లు ఉన్నరు. అది పని కాదు. అలవాటు లేని కండను అట్ల పిండితే కండ చెడి, ఆ చెత్త రక్తంల కలిసి కిడ్నీలను పట్టేస్తది. రెండు మూడు రోజులల్ల తొడలు రాయి లెక్క బిగిసి, మూత్రం చాయ్ డికాషన్ రంగుల వస్తే జిమ్ముకు కాదు, నేరుగ దవాఖానకు పోవాలె.

ఇంకొకటి, నోటుబుక్కు. పోయినసారి ఎంత బరువు, ఎన్నిసార్లు అని రాసుకోని ట్రైనర్‌కు నెలకింద మీరు ఎక్కడున్నరో తెల్వదు. ఫోన్ చూసుకుంట లెక్కవెట్టేటోడు, ఒకే గంటల నలుగురిని తిప్పేటోడు పర్సనల్ ట్రైనర్ కాడు.

కోయిల్‌సాగర్:

పిల్లలమర్రి అన్న చెప్పినదంతా సరే, కానీ రూపం అసలే చూడొద్దంటే నేను ఒప్పుకోను. చూడాలె, ఏం చూడాల్నో తెలిసి చూడాలె. చేసి చూపెట్టేటప్పుడు ఆయన స్క్వాట్ శుభ్రంగ ఉన్నదా? పది పుషప్‌లు నడుము జారకుంట తీస్తడా? పొట్ట ఉంటే తప్పేం లేదు, కానీ రెండు నిమిషాలు చూపెట్టి ఆయాసపడ్తే ఆయన తనకు తాను ఆ పని చేస్తలేడనే. తాను ఎన్నడూ బరువు ఎత్తని మనిషి పుస్తకం చదివి చెప్తే, బార్ కింద ఉన్నోనికి ఎక్కడ భయమైతదో ఆయనకు తెల్వదు. ఉతికిన బట్టలు, కట్టిన బూట్లు, కత్తిరించిన గోర్లు గూడ చూడుండ్రి. దగ్గర నిలబడి చెయ్యేసి సరిచేసే పని ఇది, ఒంటి శుభ్రం పనిల భాగమే.

ఇంక పోటీ బాడీ సంగతి. స్టేజి మీద, ఫోటోల కనపడే ఆ నరాలు ఏడాది పొడుగునా ఉండయి. పోటీకి ముందు నెలలకొద్దీ తిండి తగ్గించి, చివరి రోజులల్ల నీళ్లు, ఉప్పు గూడ అటిటు చేసి తెచ్చుకునే రూపం అది. దాన్ని చూసి మూడు నెలలల్ల నాకు గూడ వస్తదనుకుంటే మోసపోతం. ముందు, తర్వాత అని గోడకు అంటించే ఫోటోలు గూడ గంతే. లైటు పైనుంచి ఏసి, కండ పొంగినంక తీస్తే ఒకటే రోజుల ఇద్దరు మనుషుల లెక్క కనపడొచ్చు.

సూది మాట ఎత్తిన ట్రైనర్‌ను ఆ రోజే ఇడిసిపెట్టుండ్రి. స్టెరాయిడ్లు డాక్టర్ చీటీ మీదనే అమ్మాల్సిన మందులు. బయటినుంచి హార్మోను పోతుంటే ఒళ్లు తన హార్మోను చేసుడు బంద్ చేస్తది. వృషణాలు చిన్నగైతయి, వీర్యకణాలు పడిపోతయి, కొందరికి ఛాతీ ఆడోళ్ల లెక్క పెరుగుతది, గోలీలైతే లివర్ మీద పడ్తది. ఈ మధ్య మెఫెంటెర్మైన్ ఇంజెక్షన్ గూడ జిమ్ములల్ల తిరుగుతుంది. అది ఆపరేషన్ టేబుల్ మీద బీపీ పడిపోతే లేపనీకి ఇచ్చే మందు. కసరత్తుకు ముందు ఉషారుకని ఎక్కించుకుంటే బీపీ, గుండె వేగం రెండూ ఒక్కసారి లేస్తయి. అలవాటు గూడ పడ్తది. "నేను వాడను, మా జిమ్ముల రానియ్యను" అని ముఖం చూసి చెప్పగలిగినోణ్ని ఎంచుకోండ్రి.

మూసీ ఒడ్డు:

ఫిజియోథెరపీ వైపు నుంచి అమ్మగారి గురించి చెప్తాను. ట్రైనర్ డాక్టర్ కాదు, కానీ మందుల చీటీ చదవడం రావాలి. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడుతుంటే గుండె వేగం పెద్దగా పెరగదు. అందుకే ట్రెడ్‌మిల్ మీద నాడి లెక్క చూసి "ఇంకా స్పీడు పెంచు" అనడం తప్పు. నడుస్తూ రెండు ముక్కలు మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, ఆ కొలత చాలు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎత్తేటప్పుడు వదలడం, దించేటప్పుడు పీల్చడం అని ప్రతి సెట్టులో గుర్తు చేసే ట్రైనర్ కావాలి. ఆ రోజు బీపీ 180 మీద 110 దాటి ఉంటే కసరత్తు ఆపి డాక్టర్‌కు చూపించాలి.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ ఉంటే జాగ్రత్త. మొదలుపెట్టే ముందు గ్లూకోమీటర్‌లో 90 కంటే తక్కువ ఉంటే అరటిపండో, రెండు బిస్కెట్లో తిని, మళ్లీ చూసుకుని మొదలుపెట్టాలి. మధ్యలో చెమట పట్టి, చేతులు వణికి, మాట తడబడితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. జిమ్ములో చక్కెర ఎక్కడుందో ట్రైనర్‌ను అడగండి. బ్యాగు వెతకడం మొదలుపెట్టాడంటే ఇంతకు ముందు ఆలోచించలేదన్నమాట.

మన జిల్లాకు ప్రత్యేకమైనది ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లకు, ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగుతున్నా, పాత ఫ్లోరైడ్ ఎముకల్లో ఉండిపోతుంది. కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు గట్టిపడి మెడ, నడుము బిగుసుకుంటాయి. ఎముక చూడటానికి మందంగా ఉంటుంది, కానీ పెళుసు. ట్రైనర్ చేయించగలిగిన మూడు పరీక్షలున్నాయి: మోకాళ్లు వంచకుండా నేలను తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు పక్కకు చాచి మడిచి తల వెనక తాకడం. ఇవి కాకపోతే ఫ్లోరోసిసే అని కాదు. అరుగుదల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ డాక్టర్ చూసేదాకా స్ట్రెచింగ్ పేరుతో వీపు మీద చెయ్యి పెట్టి నొక్కకూడదు. "బిగుసుకుంది, సాగదీస్తే వదులుతుంది" అనే మాట అక్కడ ప్రమాదం.

మోకాళ్లకు మొదట స్టూలు మీద నుంచి లేవడం, గోడకు ఆని సగం వరకే కూర్చోవడం, పడుకుని నడుము పైకి లేపడం. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి పాత స్థాయికి రావాలి. రాకపోతే నిన్నటి మోతాదు ఎక్కువైంది. సగానికి తగ్గించాలి, మానెయ్యకూడదు.

లతీఫ్‌సాబ్ గుట్ట:

చాలా సంతోషం అందరికీ. ఇంకో రెండు అడుగుత. పోటీ బాడీ ఆయన ప్యాకేజీల పౌడర్ డబ్బా గూడ కలిపి చెప్పిండు. అది లేకపోతే ఫాయిదా ఉండదట. అమ్మ ఏమో ఆడ ట్రైనర్ అయితేనే వస్త అంటుంది.

జొన్నరొట్టె:

పౌడర్ అంటే పాలల్ల ప్రోటీనే తమ్మీ, మంత్రం కాదు. అది లేకుంటే ఫాయిదా లేదన్నోడు కమిషన్ కోసం చెప్తున్నడు. అమ్మ 60 కిలోలు ఉన్నదనుకో. మామూలు మనిషికి కిలోకు 0.83 గ్రాములు, అంటే రోజుకు 50 గ్రాముల ప్రోటీన్. బరువులు ఎత్తేటోళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6, అంటే 72 నుంచి 96. ఇంట్ల తిండి లెక్క చూడు: రెండు గుడ్లు 12, వంద గ్రాముల జొన్నపిండి రొట్టెలు 10, చిక్కటి పప్పు ఒక గిన్నె 7, పెరుగు 200 గ్రాములు 7, పిడికెడు పల్లీలు 7, పొద్దుమీకి 30 గ్రాముల సోయా ముక్కల కూర 15. అన్నం కలుపుకుంటే 60 దాటె. కోడికూర ఉన్నరోజు 80 గూడ అయితది. మన దగ్గర తప్పు ఎక్కడ పడ్తదంటే, పెద్ద పళ్లెంల అన్నం, చారు, తొక్కు. కడుపు నిండుతది, ప్రోటీన్ రాదు. అది చూసి పప్పు చిక్కగ చేయమని చెప్పేటోడు మంచి ట్రైనర్. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి, ప్రోటీన్ పెంచక ముందు కిడ్నీల పనితనం చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించి డాక్టర్‌ను అడుగుండ్రి. ఇది ట్రైనర్ తేల్చేది కాదు. ఎప్పుడన్న డబ్బా కొంటే దాని మీద 14 అంకెల ఆహార లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్ ఉన్నయా చూసి, బిల్లు తీసుకోండ్రి.

ఆడ ట్రైనర్ దొరికితే మంచిదే. దొరకకపోతే ఆడోళ్లకు వేరే టైము ఉన్న జిమ్ము చూడుండ్రి. మొగ ట్రైనరే అయితే ముట్టుకునే ముందు అడగాలె, అడిగినా వద్దంటే మాటతోటి, కట్టెతోటి చూపెట్టడం రావాలె. కాన్పులు ఎన్ని, ఆపరేషనా మామూలా, దగ్గినప్పుడు మూత్రం జారుతదా అన్న మాటలు మన ఆడోళ్లు మొగ ట్రైనర్‌కు చెప్పరు. చెప్పకపోతే ఎగురుడు దుంకుడు పెట్టించి ఇంకింత చేస్తడు. అందుకే వాటిని కాయితం మీద రాసి ఇచ్చే పద్ధతి ఉన్న చోటికి పోతే సులువు.

పానగల్ కట్ట:

మధ్యల దూరుతున్న, తప్పనుకోవద్దు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు కోచింగ్ ఇచ్చే ఆయనకు గూడ ఇదే లెక్కనా?

పిల్లలమర్రి:

లెక్క ఇదే, పరీక్ష వేరే. 2022 తెలంగాణ పోలీస్ నోటిఫికేషన్‌ల మొగోళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల గ్రౌండుల రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు. తెలిసిన కోచ్ రోజూ మొత్తం 1600 ఉరికించడు. వారంల రెండు రోజులు 400 మీటర్లు ఐదారు సార్లు, మధ్యల రెండు నిమిషాలు నడక. మిగిలిన రోజులల్ల మెల్లగ 4, 5 కిలోమీటర్లు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. తారు రోడ్డు మీద రోజూ గడియారం పెట్టి ఉరికిస్తే ముంగాలి ఎముక నొప్పి పట్టుకుంటది. నొప్పి ఏలు పెట్టి చూపెట్టేటంత ఒక్కకాడ ఉంటే ఎముక చీలి ఉండొచ్చు, ఆపి ఎక్స్‌రేకు పోవాలె. ఎండకాలం పొద్దున ఏడింటికల్లా అయిపోవాలె. ఇన్నొద్దులు ఉరకనోన్ని మే నెలల ఒక్కసారి దింపొద్దు, ఎండకు ఒళ్లు అలవాటు పడనీకి వారం పది రోజులు పడ్తది.

మూసీ ఒడ్డు:

లతీఫ్‌సాబ్ గుట్ట గారూ, ట్రయల్‌కు పోయేటప్పుడు అమ్మ మందుల చీటీ, చివరిసారి చేయించిన రక్తపరీక్షల రిపోర్టు, ఇంట్లో ఉంటే గ్లూకోమీటర్ తీసుకెళ్లండి. ఇద్దరు ట్రైనర్ల దగ్గరా అవే కాగితాలు టేబుల్ మీద పెట్టి, ఎవరు ఎంతసేపు చదువుతారో చూడండి. సంవత్సరం ప్యాకేజీ తగ్గింపు ఎంత చెప్పినా, మొదట ఒక నెలకే కట్టండి.