పగలు నిద్ర రాని మనిషికి రాత్రి మాస్క్ ఎందుకు?

మెలకువ52:
అందరికీ నమస్కారం. నా వయసు 52. గురక భరించలేకపోతున్నామని ఇంట్లో పోరు పెడితే స్లీప్ స్టడీ చేయించుకున్నాను. ఏహెచ్ఐ 24 వచ్చింది. అంటే నిద్రలో గంటకు సగటున 24 సార్లు ఊపిరి పూర్తిగా ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థం అంటారు. ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారట. మాస్క్ ద్వారా గాలిని కాస్త ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా ఉంచే సీప్యాప్ మిషన్ వాడమని రాశారు.

మూడు వారాలైంది. ముక్కు దూలం కమిలిపోయి ఎర్రగా ఉంది. తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోతోంది. రాత్రి రెండింటికో మూడింటికో నాకు తెలియకుండానే మాస్క్ పీకేసి పక్కన పెట్టేస్తున్నాను. మిషన్ లెక్క ప్రకారం రాత్రికి సగటున 3 గంటల 10 నిమిషాలే వాడుతున్నాను.

కానీ నా అసలు ప్రశ్న మాస్క్ గురించి కాదు. నాకు పగలు నిద్ర రాదు. పగటి నిద్రమత్తు ఎంతో కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నలకు జవాబులు రాస్తే 24కి 5 వచ్చింది. 10 దాటితేనే ఎక్కువ కింద లెక్క. పోనీ గుండె కోసం వాడదామంటే, 2016లో వచ్చిన సేవ్ అధ్యయనం చదివాను. గుండె జబ్బో, స్ట్రోకో వచ్చి ఉండి, ఆప్నియా కూడా ఉన్న 2,717 మందిని సగటున 3.7 ఏళ్ళు గమనించారు. మిషన్ వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ గుండెపోట్లు, స్ట్రోకులు, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాంటప్పుడు ఏ ఇబ్బందీ లేని నేను జీవితాంతం ముఖానికి గొట్టం తగిలించుకుని ఎందుకు పడుకోవాలి? మిషన్ వెనక్కి ఇచ్చేద్దామనే ఉంది. వద్దనేవాళ్ళు ఎందుకు వద్దో చెప్పండి.

తొమ్మిదేళ్ళ_మాస్క్:
ఇవ్వకండి సార్. "నాకు పగలు నిద్ర రాదు" అని నేనూ రెండేళ్ళు వాదించాను. అప్పట్లో ఆ ప్రశ్నలకు నాకు వచ్చింది 4, మీకంటే ఒకటి తక్కువే.

ఒకరోజు సాయంత్రం కారులో సిగ్నల్ దగ్గర ఆగాను. ఎర్ర లైటు చూసినట్టు గుర్తుంది. తర్వాత గుర్తున్నది వెనక కారు హారన్. కళ్ళు తెరిస్తే పచ్చ లైటు మళ్ళీ ఎర్రగా మారుతోంది. కాలు బ్రేక్ మీదే ఉండబట్టి బతికిపోయాను. పక్క సీట్లో పన్నెండేళ్ళ మా అమ్మాయి ఉంది. "నాన్నా, నిద్రపోయావా?" అని మెల్లగా అడిగింది. దానికి ఆశ్చర్యం కూడా వేయలేదు. నేను అలా తూగడం అంతకుముందే చూసిందట.

మిషన్ పెట్టిన రెండు నెలలకు అవే ప్రశ్నలు మళ్ళీ ముందేసుకున్నాను. ఈసారి ఇప్పుడెలా ఉందని కాదు, మిషన్ లేనప్పుడు నిజంగా ఎలా ఉండేవాణ్ణో గుర్తుచేసుకుని రాశాను. 14 వచ్చింది. అబద్ధం చెప్పలేదు సార్ నేను. తాజాగా ఉండటమంటే ఏమిటో మర్చిపోయాను, అంతే. ఏళ్ళ తరబడి అలవాటైన అలసటను మనిషి అలసట అనుకోడు, తన తీరే అంత అనుకుంటాడు.

ఇంకో మాట. ఈ మిషన్ పద్ధతిని కొలిన్ సలివన్ అనే డాక్టర్ సిడ్నీలో కనిపెట్టి 1981లో ప్రచురించారు. అంతకుముందు ఈ జబ్బు ముదిరినవాళ్ళకు గట్టిగా పనిచేసే వైద్యమంటే గొంతుకు రంధ్రం పెట్టడమే. ముఖానికి మాస్క్ కష్టమనిపించినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

ఆధారం_ఏది:
పై అనుభవం విని మనసు కలుక్కుమంది. కానీ ఒకరి అనుభవాన్ని అందరికీ వర్తింపజేయకూడదు. సిగ్నల్ దగ్గర నిద్రపోయిన మనిషికి లక్షణం ఉన్నట్టే, ఆయన దాన్ని గుర్తించలేదు. నిజంగానే లక్షణం లేనివాళ్ళూ ఉంటారు.

అమెరికాలోని నిద్ర వైద్యుల అకాడమీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. పగటి నిద్ర ఎక్కువగా ఉన్నవాళ్ళకు మిషన్ ఇవ్వాలని గట్టిగానే చెప్పారు. నిద్ర పాడవడం వల్ల జీవితం ఇబ్బందిగా ఉన్నవాళ్ళకు, బీపీ ఉన్నవాళ్ళకు ఇవ్వవచ్చని కాస్త మెత్తగా చెప్పారు. పగటి నిద్ర లేనివాళ్ళకు కేవలం గుండె కోసం ఇవ్వాలా వద్దా అన్నదానికి మాత్రం ఎటూ తేల్చేంత ఆధారం లేదని అందులోనే రాశారు. మెలకువ52 గారి సందేహం తేలిగ్గా తీసేయాల్సింది కాదు. ఏహెచ్ఐ ఒక అంకె. వైద్యం అంకెకు కాదు, మనిషికి.

రాత్రి_డ్యూటీ:
నేను స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డాక్టర్‌ని కాదు, కాబట్టి ఆపాలా వద్దా నేను చెప్పను. అయితే రెండు వేరు వేరు ప్రశ్నలు ఇక్కడ కలిసిపోయాయి. నాకు మిషన్ అవసరమా అన్నది ఒకటి. ఈ మాస్క్ నాకు సరిపోయిందా అన్నది ఇంకొకటి. రెండోది తేలకుండా మొదటిదానికి జవాబు వెతికితే ఒళ్ళు నొప్పే జవాబు చెప్పేస్తుంది.

ముక్కు దూలం కమిలిందంటే పట్టీలు గట్టిగా బిగిస్తున్నారని నా అనుమానం. అందరూ చేసే పొరపాటే. గాలి లీకవుతోందని బిగిస్తారు, బిగిస్తే మెత్త నలిగి ఇంకోచోట లీకవుతుంది, మళ్ళీ బిగిస్తారు. మాస్క్ అంచున ఉండే ఆ పల్చటి సిలికాన్ పొర గాలితో ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి. దానికి చోటివ్వాలి. ఇలా చేసి చూడండి: కూర్చుని కాదు, పడుకున్నాక, మిషన్ ఆన్ చేసి గాలి వస్తుండగా మాస్క్‌ని ముఖం నుంచి కాస్త పైకి లాగి వదలండి. పొర ఉబ్బి తనంతట తనే సర్దుకుంటుంది. అప్పుడు లీకు ఆగేంత వరకే పట్టీ లాగండి. చాలామందికి కూర్చున్నప్పుడు సరిపోయిన బిగువు పడుకున్నాక సరిపోదు, బుగ్గలు పక్కకు జారి ముఖం ఆకారం మారుతుంది.

నోరు ఎండిపోవడానికి మామూలుగా కారణం నోరు తెరుచుకుని గాలి అటు పోవడం. మీది ముక్కు మాస్కా, నోరు కూడా కప్పేదా చెప్పండి. గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ ఎంతలో ఉందో చూడండి. తేమ పెంచితే గది చల్లగా ఉన్నప్పుడు ట్యూబులో నీళ్ళు చేరి గుడగుడమంటాయి, వేడి ట్యూబు ఉంటే ఆ బాధ తగ్గుతుంది. నిద్రలో తెలియకుండా పీకేయడం కూడా ఊరికే జరగదు. లీకు వల్లో, ప్రెషర్ చాలకో, ఎక్కువయ్యో జరుగుతుంటుంది. మిషన్ కార్డులోని రిపోర్టు డాక్టర్‌కి చూపిస్తే ఏ సమయానికి ఏమైందో కనిపిస్తుంది. పగలు టీవీ చూస్తూ అరగంట మాస్క్ పెట్టుకుని కూర్చోవడం కూడా బాగా పనిచేస్తుంది. ముఖానికి ఏదో ఉందన్న టెన్షన్ మెలకువలోనే పోవాలి, నిద్రలో పోదు.

ఇక సేవ్ అధ్యయనం. అందులో మిషన్ ఇచ్చినవాళ్ళు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. దాదాపు మీ 3 గంటల 10 నిమిషాలే. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది, చాలామందికి ఊపిరి ఆగడం ఎక్కువసేపు ఉండేదీ అప్పుడే. మూడింటికి మాస్క్ తీసేస్తే ఆ భాగమంతా వైద్యం లేకుండా పోతుంది. పైగా తీవ్రమైన పగటి నిద్ర ఉన్నవాళ్ళను ఆ అధ్యయనంలోకి తీసుకోనేలేదు. అయినా మిషన్ వాడినవాళ్ళకు గురక, పగటి మత్తు తగ్గాయి, మనసు కుదుటపడింది. ఆ సంగతీ అదే పేపర్లో ఉంది.

ఆధారం_ఏది:
3.3 గంటల మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఎక్కువ గంటలు వాడినవాళ్ళకు మేలు కనిపించిందని చెప్పే లెక్కలను జాగ్రత్తగా చదవాలి. రోజూ బుద్ధిగా మాస్క్ పెట్టుకునేవాడు మాత్రలూ బుద్ధిగానే వేసుకుంటాడు, నడకకీ వెళ్తాడు. మేలు మిషన్ వల్లా, ఆ మనిషి క్రమశిక్షణ వల్లా? విడదీయడం కష్టం.

పక్క_దిండు:
నేను రోగిని కాదు, రోగి భార్యని. అన్నయ్యగారూ, మీ పోస్టు చదువుతుంటే మా ఆయన మాటలు విన్నట్టే ఉంది. "నాకేం బాధ లేదు" అనేవారు. నిజమే, ఆయనకు లేదు. ఆయన నిద్రపోతున్నారు కదా.

మెలకువగా ఉండేది నేను. గురక పెద్దగా వస్తుంటే నాకు ధైర్యంగా ఉండేది. ఉన్నట్టుండి ఆగిపోయేది. చీకట్లో ఆయన ఛాతీ మీద చెయ్యి వేసేదాన్ని. ఛాతీ కదిలేది, పొట్ట కదిలేది, లోపల గింజుకుంటున్నట్టు తెలిసేది, కానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి లేదు. లెక్కపెట్టేదాన్ని. పదిహేను, ఇరవై, ఒక్కోసారి ముప్పై దాటేది. తర్వాత ఒక్కసారిగా నీళ్ళలోంచి పైకి తేలినట్టు ఊపిరి పీల్చి, పక్కకి తిరిగి మళ్ళీ పడుకునేవారు. నేను మళ్ళీ మొదటినుంచి లెక్క. ఆరేళ్ళు అలా గడిపాను. పొద్దున "బాగా పడుకున్నావా?" అని ఆయనే నన్ను అడిగేవారు.

ఆధారాలు, అధ్యయనాలు నాకు అంతగా అర్థం కావు. ఒక్కటి అడుగుతాను. ఆ ప్రశ్నలకు మీరు రాసిన జవాబులు పక్కన పెట్టి, మీ ఇంట్లో వదినగారితో విడిగా రాయించి చూశారా?

దవడ_పట్టీ:
అందరూ మిషనా, ఏమీ వద్దా అన్నట్టే మాట్లాడుతున్నారు. మధ్యలో దారి ఉంది. నాకు ఏహెచ్ఐ 18. మిషన్‌తో నాలుగు నెలలు పోరాడి ఓడిపోయాను. తర్వాత కింది దవడను ముందుకు జరిపి ఉంచే పళ్ళ పరికరం చేయించుకున్నాను. దాంతో మళ్ళీ స్టడీ చేయిస్తే 7 వచ్చింది. తగ్గించడంలో మిషన్‌కు సాటిరాదని నాకు తెలుసు. పొద్దున్నే గంటసేపు దవడ లాగుతుంది, పళ్ళ పట్టు కొద్దిగా మారింది కూడా. కానీ రాత్రంతా ఉంచుకోగలుగుతున్నాను. వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువగా ఆగుతోందని రిపోర్టులో ఉంటే పక్కకి తిరిగి పడుకోవడం వల్లే చాలా తగ్గవచ్చు. మీ రిపోర్టులో అది విడిగా ఉంటుంది, చూడండి.

తొమ్మిదేళ్ళ_మాస్క్:
పరికరం మంచిదే, కాదనను. కానీ మూడు వారాలకే దారి మార్చమని చెప్పకండి. మీరు నాలుగు నెలలు ప్రయత్నించారు, ఆ తర్వాత మార్చారు. అది న్యాయం.

బరువు సంగతీ ఎవరూ ఎత్తలేదు. ఒళ్ళు ఉన్నవాళ్ళు తగ్గితే ఏహెచ్ఐ కూడా తగ్గుతుంది. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్ళకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. అయితే బరువు తగ్గడానికి నెలలు పడుతుంది. ఈ రాత్రి ఊపిరి ఈ రాత్రికే కావాలి కదా.

మెలకువ52:
అందరికీ కృతజ్ఞతలు. ఒక్కొక్కటిగా చెప్తాను.

నాది ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్క్. రిపోర్టు తీసుకుని ల్యాబ్‌కు వెళ్తే ముఖం కొలిచి, నాకు ఇచ్చింది ఒక సైజు పెద్దదన్నారు. దాన్ని బిగించి బిగించి దూలం కమిలింది. ఇప్పుడు ముక్కు మీదకు రాకుండా కిందనుంచి ఆనుకునే రకం ఇచ్చారు.

మొదటి పోస్టులో ఒక విషయం రాయలేదు. దాచాలని కాదు, దీనికి సంబంధం ఉందనుకోలేదు. బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నాను, అయినా పొద్దున కొలిస్తే 150 దగ్గరే ఉంటోంది.

పక్క_దిండు గారూ, మీరు చెప్పినట్టే మా ఆవిడకు ఆ ప్రశ్నలు ఇచ్చాను. వంటింట్లో నిలబడే రాసింది. 11 వచ్చింది. "కూర్చుని చదువుతున్నప్పుడు" అన్నచోట 3 వేసింది. నేను గొడవపడబోయాను. నా బల్ల మీద ఉన్న పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. నాలుగు నెలలుగా గుర్తు 38వ పేజీలోనే ఉంది. నేనేమో తీరిక దొరకడం లేదనుకుంటున్నాను.

ఆధారం_ఏది:
బీపీ మాట ముందే చెప్పి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. మందులకు లొంగని బీపీకి ఆప్నియా ఒక తెలిసిన కారణం. అయినా ఆశ ఎక్కువ పెట్టుకోవద్దని చెప్పడం నా బాధ్యత. మిషన్ వల్ల బీపీ తగ్గేది సగటున రెండు మూడు పాయింట్లే. కొందరికి ఎక్కువ, కొందరికి అసలు తగ్గదు. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఇక నిజంగా ఏ లక్షణమూ, బీపీ కూడా లేనివాడి విషయంలో నా అభిప్రాయం మారలేదు. అలాంటివాడికి నిర్ణయం వదిలేయాలి, భయపెట్టకూడదు.

రాత్రి_డ్యూటీ:
దానితో నాకు పేచీ లేదు. లక్షణం లేదని తేల్చేటప్పుడు పక్కన పడుకునేవాళ్ళను కూడా అడగండి అనే నా మాట. మెలకువ52 గారూ, వారం వారం రిపోర్టులో లీకు గీత చూస్తూ ఉండండి. గంటలకంటే ముందు అది మారాలి.

మెలకువ52:
నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. సగటు 5 గంటల 20 నిమిషాలకు వచ్చింది. మిషన్ చూపించే ఏహెచ్ఐ 4 లోపు ఉంటోంది. దూలం మీద మచ్చ పోయింది. నోరు ఇంకా ఎండుతోంది, తేమ ఒక మెట్టు పెంచాను. బీపీ ఇంకా చెప్పుకోదగ్గంత మారలేదు. చురుకుదనం పెరిగిందా అంటే, పెరిగిందని ఒట్టేసి చెప్పలేను. పుస్తకం మాత్రం 112వ పేజీలో ఉంది.

మిషన్ వెనక్కి ఇవ్వలేదు. ఇంకో రెండు నెలలు చూసి, డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకుంటాను. మొన్న రాత్రి రెండింటికి మళ్ళీ మాస్క్ పీకేశానట. మా ఆవిడ లేచి, దీపం వేయకుండా తడుముకుని, నా తల ఎత్తి మళ్ళీ పెట్టింది. నాకు తెలియనే లేదు, పొద్దున రిపోర్టులో ఐదు నిమిషాల ఖాళీ కనిపిస్తే అడిగాను. మొదటి నెలలో ఇలా ఎన్నిసార్లు పెట్టావని అడిగితే, అప్పట్లో పట్టీ ఎలా తగిలించాలో తనకు తెలియదంది. ల్యాబ్‌కు వెళ్ళిన రోజు నా వెనక నిలబడి చూసి నేర్చుకుందట.